ప్రసూన చూసిన మెరుపులు

ఒక గంట చూద్దాం అని చెప్పి పెద్ద డాక్టరమ్మ వెళ్ళిపోయింది. కళ్ళు తెరవాలి, మనుషులను చూడాలి, గుర్తుపట్టి మాట్లాడాలి, అంతవరకూ నేనేమీ చెప్పలేను అంది. ఆ గంట ఎప్పుడు మొదలైందో, ఎంత గడిచిందో జయరాముడికి తెలియడం లేదు. వార్డు తలుపు పక్కనున్న బల్ల మీద కూర్చుని ఎదురుగోడకు వేసిన ఆకుపచ్చ రంగును చూస్తున్నాడు. లోపల ఉన్నది చెల్లెలు ప్రసూన. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. తెల్లవారుజామున మూర్ఛ వచ్చింది, అది తగ్గీతగ్గకముందే ఇంకొకటి వచ్చింది, జీపులో అనంతపురం వస్తూ రాప్తాడు దాటుతుంటే మూడోది వచ్చింది. కడుపు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, మరీ చిన్నది, అద్దాల పెట్టెలో పెట్టారు, బతుకుతుందంటున్నారు. తల్లికి మాత్రం తెలివి రాలేదు. వచ్చేదాకా అతను చేయగలిగింది కూర్చోవడం ఒక్కటే. కదలకుండా కూర్చోవడంలో జయరాముడిని మించినవాడు లేడు, ఆ గుణమే ఇంతదాకా తెచ్చింది.

ఎక్లాంప్సియా అన్నారు లోపల ఎవరో. అనడం ఆలస్యం, ఆ మాట అతని తలలో తనంతట తానే రెండుగా విడిపోయింది, ఎక్ పసుపు సుద్దముక్కతో, లాంపైన్ ఎర్ర సుద్దముక్కతో. జీపులో కూడా అంతే. అమ్మ ఒళ్ళో ప్రసూన తల కొట్టుకుంటోంది, పెదవుల చివర్న ఎర్రటి నురగ, రెండు చేతులతో ఆ భుజాలు అదిమిపట్టుకున్న మనిషి తలలో నల్లబల్ల, రంగు సుద్దముక్కలు. ఎక్ అంటే బయటికి, లాంపైన్ అంటే వెలగడం, మీ ఇంట్లో లాంపు ఉంది కదా అది కూడా ఈ గ్రీకు వేరుకు పుట్టిన పిల్లే, రెండూ కలిస్తే ఒక్కసారిగా బయటికి వెలగడం, అంటే మెరవడం, రాసుకోండి. అనంతపురంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేవాళ్ళు వీధికొకరున్నారు గానీ, మాటను కీలు కీలుకూ విప్పి చూపించేది జయరాముడు సారొక్కడే అని పేరు. గ్రీకు సారు అంటారు. చాటుగా అంటారు, ఎదురుగానూ అంటారు, అతను కోప్పడినట్టు ముఖం పెట్టి లోలోపల మురిసిపోయేవాడు. ఈ మాటకైతే ఒక కొసమెరుపు కూడా ఉండేది. ఇదే జబ్బుకు మన ముసలమ్మలు ఏం పేరు పెట్టారో తెలుసా, గుర్రపువాతం. గ్రీకువాడు ఆకాశం చూసి మెరుపన్నాడు, మనవాళ్ళు కొట్టంలోకి చూసి గుర్రమన్నారు. క్లాసు ఘొల్లుమనేది. ఏటా ఘొల్లుమనేది. పళ్ళు గిట్టకరిచి, మెడ విరుచుకుని, కాళ్ళు తన్నుకుంటున్న ఆడమనిషిని చూసి ఏ తల్లి గుండె జారి ఆ పేరు పెట్టిందో అని ఏ ఏడాదీ తోచలేదు. ఈ తెల్లవారుజామున అమ్మ వెంకటలక్ష్మమ్మ, "గుర్రపువాతం రా జయరాముడూ, నా బిడ్డకు గుర్రపువాతం" అని గుండెలు బాదుకుంటుంటే అతనికి తన క్లాసులో నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఇంకా ఆగలేదు.

అసలు ఈ మాటల పిచ్చి ఎందుకు పట్టిందో అతనికి తెలుసు, ఒప్పుకోవడమే చేతకాదు. డాక్టరు కావాల్సినవాడు. అలాగని ఊరంతా అనుకుంది, నాయన బయ్యన్న రచ్చబండ దగ్గర ముందే చెప్పుకున్నాడు కూడా, మావాడు డాక్టరయితాడు, ఇంక మీకెవరికీ సూది కోసం అనంతపురం పోయే పన్లేదు అని. ఎంట్రన్సు ఒకసారి రాశాడు, ఇంకోసారి రాశాడు, సీటు రాలేదు. సీటు రాకపోతే ఆ సీట్లో కూర్చునేవాళ్ళ భాష అన్నా తనది కావాలనుకున్నాడు. కమలానగర్‌లో పాత పుస్తకాలు పరిచి అమ్మేవాడి దగ్గర అట్ట ఊడిన వైద్య నిఘంటువు దొరికితే అన్నం తింటూ కూడా చదివాడు. ఏ జబ్బు పేరు చెప్పినా దాని తాత ముత్తాతలను చెప్పగలడు. ఊళ్ళో ఎవరికన్నా జ్వరమొస్తే ఆ జ్వరానికి గ్రీకులో ఏమంటారో చెప్పి, మాత్ర మాత్రం ఆర్‌ఎంపీ దగ్గరే తీసుకోమనేవాడు. అందరూ అబ్బా అనేవాళ్ళు. అబ్బా అనిపించుకుంటూ పదేళ్ళు బతికేశాడు. ఇప్పుడు చూసుకుంటే అదేమంత గొప్ప బతుకుగా కనిపించడం లేదు, పెళ్ళివారి విస్తళ్ళు లెక్కబెట్టినవాడు తానూ తిన్నానని తేన్చినట్టుంది.

తలుపు తెరుచుకుంది. సగం లేచాడు. బయటికి వచ్చింది ఎవరో ఆయా, చేతిలో బకెట్టు. మళ్ళీ మూసుకుంది. ఆ సందులోంచి తెల్లకోటు అంచు కనిపించింది, ఫరీదాది. ఆ పిల్ల ఇక్కడుండటం ఏమిటి అసలు. ఇన్ని ఆసుపత్రులుండగా, ఇంతమంది డాక్టర్లుండగా. పొద్దున అమ్మా నాయనా ఇంకా జీపు దగ్గరే ఉండగా, స్ట్రెచర్ వెంట పరిగెత్తుకుంటూ వచ్చి, "సార్, మీరా" అంది. తొంభై ఆరులోనో ఏడులోనో అతని క్లాసులో మూడో బల్ల మీద కూర్చుని, తలమీద చున్నీ సర్దుకుంటూ, సుద్దముక్క రంగు మారినప్పుడల్లా పెన్ను రంగు కూడా మార్చే పిల్ల. అతనికి రాని సీటు ఆ పిల్లకు వచ్చింది. "సార్, ఎక్లాంప్సియా. మీరు చెప్పినారు కదా సార్, మెరుపని. ఎంబీబీఎస్‌లో ఈ పాఠం వచ్చినప్పుడు మీరే జ్ఞాపకమొచ్చినారు" అని, రక్తపోటు పట్టీ ప్రసూన చేతికి చుడుతూనే అడిగింది, "అక్కకు తలనొప్పి ఉన్నిందా సార్? కండ్ల ముందర మెరుపుల మాదిరి కనపడతాండాయని ఏమన్నా చెప్పినాదా?" తన నోటితో తాను నేర్పిన మాట, చేతికి సిరంజి తీసుకుని తిరిగొచ్చి తననే అడుగుతోంది. ఆ ఒక్క క్షణంలో అతను ఏం ఆలోచించాడో ఇప్పుడు వెతుక్కున్నా దొరకడం లేదు. ఆలోచించినట్టు లేడు. నోరే ముందు తెరుచుకుంది. "లేదమ్మా, ఏం చెప్పలే" అన్నాడు. పక్కనే ఉన్న పెద్ద డాక్టరమ్మ తల కూడా ఎత్తకుండా అంది, ఈ ఆడపిల్లలతో ఇదే తంటా, చదువుకున్నవాళ్ళ ఇంట్లో ఉండి కూడా ప్రాణం మీదికి వచ్చేదాకా నోరు విప్పరు, ఒక్క మాట ముందు చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా అని. ప్రసూన అక్కడే ఉంది. ముక్కులో గొట్టం, కళ్ళు సగం తెరిచి, తెల్లగుడ్డు మాత్రం కనిపిస్తూ. తన మీద పడ్డ మాటకు సమాధానం చెప్పుకోలేని స్థితిలో ఉంది. చెప్పగలిగినవాడు గోడకు జరిగి దారి ఇచ్చాడు.

చెప్పలేదట. ఎంత సులువుగా అనేశాడు. ఊరంతటికీ చెప్పింది కదరా ఆ పిల్ల. పోయిన ఏడూ వాన లేదు, ఈ రెండువేల మూడు కూడా అదే దారి పట్టింది, బోరు గొట్టాలు పైకి లాగి దొడ్లో పడుకోబెట్టారు, మృగశిర పోయింది, ఆరుద్ర పోతోంది, దున్నిపెట్టిన ఎర్రనేల మీద గాలి తిరుగుతోంది తప్ప పదును లేదు. అలాంటి సాయంత్రం అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ప్రసూన, "నాయనా, ఆ పక్క మెరిసినాది చూసినావా" అంది. బయ్యన్న తాంబూలం నములుతున్నవాడు ఆగిపోయాడు. "యాడమ్మా?" "ఆడ, మిట్ట పైన." మిట్ట పైన అంటే ఈశాన్యం. ఈశాన్యంలో మెరిస్తే వాన తప్పదని ఆ సీమలో పసిపిల్లకు కూడా తెలుసు. పైగా మెరుపు చూసింది తొలిచూలు మనిషి. వాళ్ళ ఊళ్ళో ఒక వాడుక ఉంది, వానకారు తప్పిపోతుంటే తొలిచూలు ఆడమనిషిని సందెవేళ ఈశాన్యం దిక్కుకు తిప్పి కూర్చోబెడతారు, రెండు ప్రాణాలు కలిసి చూసే చూపు కదా, అందరికంటే ముందు ఆమెకే కనిపిస్తుందని. చాలా ఏళ్ళుగా ఎవరూ పాటించడం లేదు దాన్ని, మరిచిపోయారనే అనుకున్నాడు జయరాముడు, మరిచిపోలేదు. మరుసటి సందెకు పక్కింటి గంగాధరప్ప వచ్చాడు, వాళ్ళవాళ్ళు వచ్చారు, ఆ వెనక సగం ఊరు వచ్చింది. "ఏమ్మా ప్రసూనా, ఈ పొద్దు మెరిసినాదా?" "మెరిసినాది చిన్నాయనా, నిన్నటికంటే ఎక్కువ." "మోడం లేదు కదమ్మా, మబ్బు తునక కూడా లేకపాయ." "మోడం వస్తాది లే చిన్నాయనా, మెరుపు ముందొచ్చినాది" అని నవ్వింది. ఎంత బాగా నవ్వింది. పెళ్ళయ్యాక అంతమంది మధ్య కూర్చుని, అంతమంది తన మాట కోసం చూస్తుంటే మాట్లాడటం ఆ పిల్లకు అదే మొదలు. ఆడవాళ్ళు శెనక్కాయ విత్తనం చేటల్లో తెచ్చి ఆమె ఒడిలో పోసి మళ్ళీ ఎత్తుకుని పోయారు. ఒడి నిండా గులాబిరంగు గింజలు, ఆ కింద ఉబ్బిన పాదాలు. కాలి పట్టీలు బిగుసుకుపోయి అంతకు ముందురోజే తీసేశారు. నీరు పట్టింది, కాన్పు సుఖంగా అవుతుందని అమ్మ సంతోషపడింది. నుదుటికి గుడ్డ కట్టుకుని ఉంది ప్రసూన, తలనొప్పి అని. ఉబ్బు, తలనొప్పి, మెరుపులు. మూడూ ఒకే అరుగు మీద వరసగా కూర్చుని ఉన్నాయి, ఎదురుగా గ్రీకు సారు.

తెలియదు అనుకుంటే ఎంత హాయి. తెలియనివాడికి క్షమాపణ ఉంది, నాయనకుంది, అమ్మకుంది, వాళ్ళు ఇప్పటికీ ఆ మెరుపులు ఆకాశంలోవే అనుకుంటున్నారు, ఎవరో చెబితే తప్ప జన్మలో తెలుసుకోరు. జయరాముడికి తెలుసు. ఆ రెండో సందెనే తెలుసు. అందరూ మిట్ట వైపు చూస్తుంటే అతను చెల్లెలి ముఖం చూశాడు, ఆమె తల ఎటు తిప్పితే మెరుపు అటు వెళ్తోంది. ఒకసారి మిట్ట పైన అంది, ఒకసారి వేపచెట్టు వెనక అంది, అమ్మ పిలిచిందని గడపవైపు తిరిగి ఉలిక్కిపడి కళ్ళు నలుపుకుంది. ఇంటి లోపల మెరుస్తుందా మెరుపు. అప్పుడే ఆ మాట పైకి లేచింది, పసుపు ముక్క, ఎరుపు ముక్క. లేచినప్పుడు భయం కలిగిందా అంటే లేదు, అదే ఇప్పుడు తలెత్తుకోనివ్వడం లేదు, మొదట కలిగింది ఒకరకమైన సరదా. చూశావా, సరిగ్గా ఎలా కుదిరిందో, రేపు క్లాసులో చెప్పాలి అనుకున్నాడు. దేవుడా. ఒడిలో గింజలు పోసుకుని కూర్చున్న చెల్లెల్ని చూసి రేపటి పాఠానికి ఉదాహరణ దొరికిందనుకున్నాడు. జనం వెళ్ళిపోయాక ప్రసూన మెల్లగా పిలిచింది, "అన్నా, ఒకటి చెప్తా, నవ్వాకు. కండ్లు మూసుకున్నా మెరుస్తానే ఉండాది. ఇదేందన్నా?" అడిగింది అన్నను. ఇంట్లో చదువుకున్నది అతనొక్కడేనని అడిగింది. ఆ క్షణంలో లేచి, గంగాధరప్ప జీపు అడిగి, అనంతపురం తీసుకొచ్చి ఉంటే ఒక సూది, కాసిని మాత్రలు, పడక. అంతే కదా. కానీ కొట్టం దగ్గర నాయన గొర్రు కర్రులకు పదును పెడుతున్నాడు, ఎన్నాళ్ళకో కూనిరాగం తీస్తున్నాడు. ఎండిన బోర్లు, ఊళ్ళో ఎవరూ లెక్కచేయని మనిషి, కూతురి పుణ్యాన ఇవాళ పదిమంది వచ్చి అన్నా నువ్వెప్పుడు విత్తుతావు, నీ వెనకే మేమూ అని అడిగిన మనిషి. ఆ మెరుపులు మెరుపులు కావు నాయనా, జబ్బు, అని ఆ కూనిరాగాన్ని ఆపాలి. ఊరి చేత నవ్వించాలి. తన డాక్టరీ మాట తప్పయితే తానూ నవ్వులపాలు కావాలి, ఈ పెద్దమనిషికి సీటు రాలేదు గానీ చెల్లెలికి జబ్బు మాత్రం పుట్టించాడంటారు. "ఎండలో కూర్చుంటాండావు కదా, అందుకే. నిద్దరపోతే తగ్గుతాది" అన్నాడు. అని ఊరుకున్నాడా. "ఈ మాట నాయనతో చెప్పాకు" అన్నాడు. ప్రసూన సరే అన్నట్టు తలూపింది. చిన్నప్పటినుంచీ అన్న చెప్పాకంటే చెప్పేది కాదు. తెల్లారి విత్తనం పొడినేలలోకి పోయింది, బయ్యన్నది ముందు, ఆ వెనక ఊరిది.

వాన రాలేదు. మెరుపులు మాత్రం వచ్చాయి, కానీ ఆ తర్వాత ప్రసూన ఎవరికీ పెద్దగా చెప్పలేదు, అడిగితే ఊ అనేది. నిన్న సందెకు అన్నం వద్దని పడుకుంది. పైకడుపులో నొప్పంది. అమ్మ వాము నమిలించింది. జయరాముడు గడపలో నిలబడి చూశాడు. ఆమె అతని వైపు చూసింది. చెప్పనా అని అడిగినట్టుగా ఉంది ఆ చూపు. అతను కరెంటు పోయిందేమో చూసి వస్తానని బయటికి నడిచాడు. కరెంటు ఉంది. కరెంటు ఉన్న సంగతి వీధి చివరిదాకా పోయి చూసి వచ్చాడు, అంత సిగ్గులేని మనిషి. ఆకాశం నిండా చుక్కలు, ఎక్కడా మబ్బు లేదు, దున్నిన నేల నుంచి వేడి ఇంకా పైకి వస్తోంది, నేల లోపల గింజలు ఉడుకుతుంటాయి అనుకున్నాడు. చెల్లెలి గురించి అనుకోలేదు. అనుకోకుండా ఉండటానికే గింజల గురించి అనుకున్నాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. విష్ణువర్ధన్ వచ్చాడు, ప్రసూన మొగుడు, తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, కబురు అందగానే ఉన్నపళంగా బస్సెక్కినట్టున్నాడు, కనుబొమల్లో, చెవుల మడతల్లో తెల్లటి రాతిపొడి అలాగే ఉంది. అత్త దగ్గరికి పోయాడు, మామ దగ్గరికి పోయాడు, ఇద్దరూ డాక్టరమ్మ అన్నది చెప్పి ఏడిస్తే వచ్చి జయరాముడి పక్కన కూలబడ్డాడు. "బతుకుతాదా బావా?" "గంట చూద్దామన్నారు విష్ణూ." తర్వాత విష్ణువర్ధన్ నేలచూపులు చూస్తూ, తనతో తాను అనుకుంటున్నట్టు అన్నాడు, "మొన్న ఫోన్ చేస్తే కూడా బాగుండా అనే అనినాది. ఎప్పుడూ ఇంతే బావా అది. పంటినొప్పి వచ్చినా చెప్పదు, దవడ వాచినాక మనమే చూడాల. డాక్టరమ్మ కూడా అదే అనినాదంట కదా, ముందే చెప్పిండాల్సిందని. నాకు చెప్పకపోతే పాయ, నీకన్నా చెప్పిండొచ్చు కదా, నువ్వు ఇంత చదువుకున్నోనివి ఇంట్లోనే ఉంటివి కదా." కోపంగా అనలేదు. ప్రేమగా, బతికితే తిట్టుకోవడానికి దాచిపెట్టుకున్న కోపంతో అన్నాడు. ఆ మాటల్లో ఉన్న ప్రసూన జయరాముడికి తెలిసిన ప్రసూన కాదు. తెలిసిన ప్రసూన చెప్పింది. సందెవేళ, చెవి దగ్గర, నవ్వాకు అని బతిమాలుకుని మరీ చెప్పింది. ఇప్పుడు ఈ వరండాలో ఇంకో ప్రసూన తయారవుతోంది, నోరులేనిది, తన చావు తానే తెచ్చుకున్నది, ఆ ప్రసూనను తయారుచేసింది అన్న. మొగుడు నమ్మాడు, అమ్మ నమ్మింది, "చెప్పల్యా నా తల్లి, ఒక్క మాట చెప్పల్యా" అని పైట నోట్లో కుక్కుకుంటోంది. నాయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆసుపత్రి కిటికీ అయినా సరే ఈశాన్యం ఎటో చూసుకునే నిలబడ్డాడు. "ఊ" అన్నాడు జయరాముడు.

గోడ ఆకుపచ్చ రంగు ఒకచోట పెచ్చులూడి కింద పాత నీలం కనిపిస్తోంది. దాన్నే చూస్తున్నాడు. చూస్తుండగా ఒక ఆలోచన వచ్చింది. పిలవలేదు, వచ్చింది. వచ్చి చక్కగా పక్కన కూర్చుంది. ప్రసూన కళ్ళు తెరవకపోతే ఎవరికీ తెలియదు. నాకు చెప్పింది అనే మాట ఈ లోకంలో ఇద్దరి దగ్గరే ఉంది, ఒకరు లోపల, ఒకరు బయట. లోపలి మనిషి తెరవకపోతే. అంతవరకే వచ్చింది ఆలోచన, ముందుకు పోలేదు, పోనక్కర్లేకపోయింది. ఛీ. ఎవరో తన్నినట్టు బల్ల మీద నుంచి లేచి నిలబడ్డాడు. విష్ణువర్ధన్ తల ఎత్తి చూశాడు. ఏం లేదు అన్నట్టు చేయి ఊపి మళ్ళీ కూర్చున్నాడు. ఇదా తాను. చెల్లెలు చిన్నప్పుడు బడినుంచి వస్తూ కాలికి కంపముల్లు గుచ్చుకుంటే అన్న తీస్తాడని కుంటుకుంటూ ఇల్లుదాకా వచ్చిన పిల్ల, వేరెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, అన్నకు తెలుసు ఎలా తీయాలో అనేది. అన్నకు అన్నీ తెలుసు. గ్రీకు తెలుసు. మెరుపు అనే మాట ఆ జబ్బు నుదుటి మీద రాసి పెట్టారు, ఏనాడో ఎవరో పెద్దమనిషి, ముందే చూసుకోండి నాయనా, ఇలా వస్తుంది అని మేలు కోరి పెట్టిన పేరేమో, ఆ పేరును ఏళ్ళ తరబడి రంగు సుద్దముక్కలతో రాసి తుడిచాడు, రాసి తుడిచాడు, మనిషి నోట వినబడితే మాత్రం చెప్పాకు అన్నాడు. బతకనీ. బతికి అందరి ముందూ చెప్పనీ, ఈ మనిషి చెప్పాకన్నాడని. బతకనీ చాలు.

"ప్రసూన వాళ్ళు ఎవరప్పా, ఒక్కరు రాండి. కండ్లు తెరిచినాది." నర్సు గొంతు. అందరూ ఒక్కసారిగా లేచారు, అమ్మ లేవలేక అతని చొక్కా పట్టుకుంది. "నువ్వు పో జయరాముడూ, డాక్టర్ల మాట నీకే అర్థమయితాది" అంది. విష్ణువర్ధన్ కూడా "పో బావా" అన్నాడు. పోకుండా ఉండటానికి కారణం ఏదీ మిగల్లేదు. లోపల మంచం కిటికీ పక్కనే ఉంది. మిట్టమధ్యాహ్నం దాటిన ఎండ అద్దంలోంచి నేరుగా దిండు మీద పడుతోంది, ప్రసూన ముఖం మీద, వాచిన పెదవుల మీద, తెరిచిన కళ్ళ మీద. ఫరీదా మంచం అవతల గ్లూకోజ్ గొట్టం సరిచేస్తూ అతన్ని చూసి చిన్నగా తలూపింది, బాగుంది అన్నట్టు. అతను వంగాడు. "ప్రసూనా." "ఎవరు?" "నేను, అన్నను." చేయి గాలిలో కొంచెం వెతుక్కుని అతని వేళ్ళను పట్టుకుంది. కళ్ళు అతని ముఖం పక్కనుంచి ఎటో చూస్తున్నాయి. ఎండ ఆ కళ్ళలో పడుతోంది, రెప్ప కొట్టడం లేదు. వాచిన నాలుకతో, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ అంది, "మోడం పట్టినాదన్నా. ఎంత చీకటైనాదో చూడు." ఆ పెదవుల మీద సంతోషం ఉంది. "వస్తాదని చెప్పలేదా నేను. ఈసారి నాయనతో చెప్పొచ్చునా?"

కిటికీ బయట వేపచెట్టు ఆకు కదలడం లేదు. రోడ్డు మీద ఎండ తెల్లగా కాస్తోంది. అవును తల్లీ, మోడం పట్టింది, పడుకో అనే మాట అతని నాలుక చివరికి వచ్చి సిద్ధంగా నిలబడింది. అదే గొంతు, ఆ సందెవేళ గొంతు, నిద్రపోతే తగ్గుతుందన్న గొంతు. ఎంత బాగా అలవాటైపోయిందో. మింగేశాడు. "లేదు తల్లీ, మోడం పట్టలేదు. ఎండ కాస్తాండాది. నీకు కనపడ్డంలేదు" అన్నాడు, వెంటనే గొంతు పెంచి, "ఫరీదా, ఇట్ల రామ్మా. మా చెల్లెలికి చూపు కనపడ్డంలేదు" అని పిలిచాడు. ఆ కేకకు వరండాలో ఉన్న ముగ్గురూ గడపలోకి వచ్చేశారు. ఫరీదా పెన్నులాంటి దీపం తీసి ఒక కంట్లో వేసింది, రెండో కంట్లో వేసింది, లాంపు, ఆ మాట మళ్ళీ రాబోయింది, పక్కకు నెట్టాడు. "కంటిపాప బాగా కదులుతాండాది సార్. ఈ జబ్బులో కొంతమందికి ఇట్ల అయితాది, చానామందికి మళ్ళీ చూపొస్తాది. పెద్ద మేడంను పిలుస్తా" అంది ఫరీదా. పోబోతూ ఆగి, అతని ముఖం చూసి, పొద్దున అడిగిన మాటనే కొంచెం మెల్లగా మళ్ళీ అడిగింది, "సార్, అక్క ముందేమన్నా చెప్పినాదా?"

ప్రసూన అతని వేళ్ళు వదల్లేదు. గడపలో విష్ణువర్ధన్ రాతిపొడి కళ్ళు, అమ్మ పైటచెంగు, ఆ వెనక నాయన. నాయన కిటికీలోంచి ఎండను చూస్తున్నాడు, కూతురి తెరిచిన కళ్ళను చూస్తున్నాడు, మళ్ళీ ఎండను చూస్తున్నాడు. ఆయన ముఖంలో అరుగు మీది సాయంత్రాలు ఒక్కొక్కటే వెనక్కి నడిచి వస్తున్నట్టు తెలుస్తోంది. ఇంకొక్క నిమిషం ఆగితే అడగకుండానే అర్థం చేసుకునేటట్టున్నాడు. జయరాముడు ఆగలేదు.

"చెప్పినాదమ్మా" అన్నాడు. "ఊరందరికీ ఆకాశంలో మెరుపని చెప్పినాది. నాకు మాత్రం కండ్లు మూసుకున్నా మెరుస్తాండాదని చెప్పినాది. అదేందో నాకు తెలుసు. ఎవరికీ చెప్పాకని నేనే చెప్పినా."

విష్ణువర్ధన్ ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. "ఎప్పట్నుంచి సార్?" అంది ఫరీదా, గొంతులో ఏ మార్పూ లేకుండా, పాఠం అప్పజెప్పమన్నట్టు. జయరాముడు చెల్లెలి చేతిని అలాగే పట్టుకుని, అరుగు మీద మొదటి సాయంత్రం దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.